వెర్లీన్ చేతి ఇంజను

ఆడదాని పాదం గేటు లోపల పడితే కారు గోడకు గుద్దుకుంటుందట. కారుకి ఆకుపచ్చ రంగు వేస్తే తిరగబడుతుందట. తొక్కతో ఉన్న వేరుశనక్కాయలు లోపలికి తెస్తే ఇంజను పట్టేస్తుందట. మిల్‌స్టోన్ పందెపు మైదానంలో ఈ మూడు మాటలూ బైబిలు తర్వాత అంతటివి. మొదటిదాన్నయితే గేటు పక్కన బోర్డు మీద రాసి కూడా పెట్టారు: స్త్రీలకు ప్రవేశం లేదు.

ఆ బోర్డుకి ఇవతల, కంచె బయట, మూడో మలుపు ఎదురుగా పాత ట్రక్కు వెనక కుర్చీ వేసుకుని కూర్చునేది వెర్లీన్ హస్కిన్స్. వయసు నలభై ఆరు. వారానికి ఐదు రోజులు సాక్సుల మిల్లులో ఉద్యోగం. మిల్లు నుంచి ఇంటికొచ్చి, మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుడు గింజలు ఇంత నోట్లో వేసుకుని పెరటి షెడ్డులోకి వెళ్ళేది. తమ్ముడు డోయల్ నడిపే పదిహేడో నంబరు కారుకి ఏడేళ్ళుగా ఇంజను బిగిస్తున్నది ఆవిడే. ఆ ఇంజను ఉన్న కారు దగ్గరికి పందెం రోజున ఆవిడే వెళ్ళకూడదు. ఇదెక్కడి న్యాయమో ఆ బోర్డు రాసిన మహానుభావుణ్ణే అడగాలి.

ఆవిడకి ఆ పని ఎలా పట్టుబడిందంటే, మిల్లులో అల్లిక యంత్రాలు బాగుచేసే మనిషి గుండె ఆగి పోతే, కొత్తవాడు దొరికేదాకా చూడమని ఆవిడ చేతికి పానా ఇచ్చారు. పద్నాలుగేళ్ళయింది, ఆ కొత్తవాడు ఇంకా దొరకలేదు. వెంట్రుకలో సగం తేడా ఉన్నా ఆవిడ వేలి కొసకి తెలిసిపోయేది. పంతొమ్మిది వందల అరవై రెండులో డోయల్ తుక్కు సామాన్ల దొడ్లో ఒక పాత ఫోర్డు కొని, సీట్లు పీకేసి పందేలకు దిగుతానంటే, దాని ఇంజను విప్పి ముందేసుకుంది.

మొదటి ఏడాది అందరూ "సాక్సుల బండి వచ్చిందిరోయ్" అని నవ్వారు. రెండో ఏడాది ఆ సాక్సుల బండే మూడు పందేలు కొట్టింది. ఆపైన చెప్పేదేముంది! అవి కలుపుకుని మొత్తం ముప్ఫై ఒక్క గెలుపులు. ఊళ్ళో సాసేజ్ కంపెనీవాళ్ళు డబ్బిచ్చి కారు మూత మీద తమ పంది బొమ్మ వేయించుకున్నారు. కుర్చీల ఫ్యాక్టరీలో పని మానేసి ఐదుగురు మగవాళ్ళు జట్టులో చేరారు. సోమవారం పొద్దున మంగలి కొట్లో డోయల్ పేరు తప్ప ఇంకో పేరు వినపడేది కాదు. మైదానంవాళ్ళ దగ్గరున్న జట్టు పట్టీలో మాత్రం వెర్లీన్ పేరు లేదు. పెట్టడానికి వీల్లేదట. ఆవిడకి కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, ప్రతి వారం వచ్చింది. కానీ ఇంజను ఆడినంతసేపూ ఆ శబ్దం తనదేనన్న ధీమాతో సరిపెట్టుకుంది.

అరవై తొమ్మిదిలో క్లాయిస్ బ్లెవిన్స్ దిగాడు. షార్లెట్ నగరం వైపు వాడు, కార్లమ్మే కొట్లు నాలుగున్నాయి. కొత్త లారీలు, ఒకే రంగు చొక్కాలేసుకున్న పన్నెండుగురు మనుషులు. వచ్చీరాగానే వరసగా మూడు పందేలు ఎగరేసుకుపోయాడు. మూడో పందెం అయ్యాక గేటు దగ్గర నిలబడి అందరూ వినేలా అరిచాడు.

"ఏరా డోయల్! మీ అక్క ఇంజన్లు బిగిస్తోందా, వాటికి సాక్సులు అల్లుతోందా?"

జనం పగలబడి నవ్వారు. కంచె ఇవతల నుంచి వెర్లీన్ చూస్తూనే ఉంది. డోయల్ కూడా నవ్వాడు.

వెర్లీన్ ఆ రాత్రే షెడ్డులోకి వెళ్ళింది. సెప్టెంబరులో జరిగే పెద్ద పందేనికని కొత్త ఇంజను మొదలుపెట్టింది. ఆరు వారాలు దానితోనే లోకం. మిల్లులో సెలవు పెట్టింది, చర్చి వంటల కమిటీ మానేసింది. బుధవారం నాటికి ఇంజను సిద్ధం. అదే రోజు కొండల మీద ఉండే పిన్ని పోయిందని కబురొచ్చింది.

"శనివారం ఇంజను కారులోకి నువ్వే ఎక్కించు, జాగ్రత్త" అని తమ్ముడికి చెప్పి వెళ్ళింది. అంత్యక్రియలు ముగించుకుని, ఆదివారం మధ్యాహ్నం తిన్నగా మైదానానికే వచ్చింది, నల్ల గౌను కూడా మార్చుకోకుండా. దారిలో కొన్న వేరుశనక్కాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని ట్రక్కు వెనక కూర్చుంది.

పచ్చ జెండా ఊపారు. ముప్ఫై కార్లు ఒక్కసారి గర్జించాయి. పదిహేడో నంబరు మూడో మలుపులోకి వచ్చేసరికి వెర్లీన్ నములుతున్నది ఆపేసింది.

ఆ శబ్దం తనది కాదు.

తన ఇంజను మలుపులో గొంతు సన్నం చేసుకుని, బయటికి రాగానే మళ్ళీ అందుకుంటుంది. ఇది మొదట్నుంచీ చివరిదాకా బొంగురుగా, కడుపులోంచి అరుస్తోంది. ముప్ఫై మంది పిల్లలు ఏడుస్తున్నా తన పిల్ల ఏడుపు తల్లికి తెలియదా? రెండో చుట్టులో మళ్ళీ విన్నది. మూడో చుట్టులో కళ్ళు మూసుకుని విన్నది. సందేహం లేదు, ఎవరిదో పరాయి ఇంజను. అది కూడా ఉండాల్సిన దానికంటే పెద్దది.

డోయల్ గెలిచాడు. మామూలుగా కాదు, సగం చుట్టు ముందుండి గెలిచాడు. జనం కుర్చీలెక్కి గంతులేశారు. వెర్లీన్ చప్పట్లు కొట్టలేదు.

మైకులో మాట వినిపించింది. బ్లెవిన్స్ అభ్యంతరం పెట్టాడు. అలా పెడితే గెలిచిన కారు ఇంజన్ని ఆ జట్టు మనిషే అందరి ముందూ విప్పాలి, మైదానం పెద్దాయన ఓడెల్ ప్రాఫిట్ కొలవాలి. ఇంజను లోపలి పరిమాణం మూడు వందల యాభై ఎనిమిది ఘన అంగుళాలు దాటకూడదు. అది అక్కడి రూలు.

పావుగంటకి డోయల్ కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మొహం మసి, కళ్ళ చుట్టూ మాత్రం తెలుపు.

"అక్కా, నువ్వు ఇంటికెళ్ళిపో."

"ఎవరిదిరా అది?"

డోయల్ నేల చూశాడు. "షార్లెట్‌లో ఒకతను... అద్దెకిచ్చాడు."

"నాది?"

"షెడ్డులోనే ఉంది. గోనెపట్టా కప్పాను."

వెర్లీన్ కంచె తీగ పట్టుకుంది. "ఇప్పుడేం చేస్తావ్?"

"విప్పనని చెప్పేస్తా. విప్పకపోతే ఈ గెలుపు పోతుంది, ఆరు వారాలు బయట కూర్చోబెడతారు, అంతే. విప్పితే ఏడాది నిషేధం, సాసేజ్ కంపెనీ కూడా పోతుంది. ఏం కొలిచారని రుజువు చూపిస్తారు? నాలుగు రోజులకి అందరూ మర్చిపోతారక్కా."

"మర్చిపోతారా! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది రా! ఈ ఒక్కటే కాదు, ముప్ఫై ఒక్క గెలుపులూ దొంగవే అంటారు. ఆ ముప్ఫై ఒకటీ ఎవరివి?"

"మనవి."

"నావి!"

ఆ అరుపుకి పక్క ట్రక్కువాళ్ళు తిరిగి చూశారు. వెర్లీన్ కిందికి దిగింది. సీటు కింద నుంచి తన పానాల పెట్టె లాగి చంకన పెట్టుకుని, వేరుశనక్కాయల పొట్లం గౌను జేబులో కుక్కుకుని, గేటు వైపు నడిచింది.

గేటు కాపలా హార్మన్ చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. "అమ్మో, వెర్లీన్! ఆడదానివి! పైగా జేబులో తొక్కల కాయలు! మా కొంప ముంచుతావా ఏంటి?"

"నిండా మునిగినవాడికి చలేంటి హార్మన్? తప్పుకో."

"నా ఉద్యోగం పోతుందే తల్లీ!"

"పోతే మిల్లుకి రా, దారం బాబిన్లు మోయిస్తా. ముందు తప్పుకో."

తప్పుకున్నాడు. హార్మన్ చెడ్డవాడు కాదు, పైగా ఆ పెట్టె బరువు చూశాడు.

లోపల అంతమంది మగవాళ్ళూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఓడెల్ ప్రాఫిట్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. బ్లెవిన్స్ టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"వెర్లీన్ అమ్మగారు దయచేశారే! సాక్సులేమైనా తెచ్చారా?"

"తెచ్చాలే, నీ నోట్లో కుక్కడానికి" అంది వెర్లీన్. "ఓడెల్ గారూ, జట్టు మనిషే విప్పాలి కదా? నేను విప్పుతా."

"అక్కా, వద్దు" అన్నాడు డోయల్ వెనక నుంచి. ఏడుపు గొంతు.

ఆవిడ వినలేదు. ఇంజను చల్లారేదాకా గంటసేపు దాని పక్కనే నిలబడి ఒక్కో వేరుశనక్కాయా ఒలిచి తింది. తొక్కలు కిందే వేసింది. తర్వాత పానా పట్టింది. ఒక్కో మరా వరసగా విప్పి, ఇంజను పైభాగం హెడ్డు ఎత్తి పక్కన పెట్టింది. ఓడెల్ సిలిండరు బోరు వెడల్పు కొలిచాడు, పిస్టన్ ఎంత లోతుకి దిగుతోందో కొలిచాడు, కాగితం మీద లెక్క కట్టాడు.

"మూడొందల డెబ్భై నాలుగు."

జనం హోరెత్తారు. ఎవరో ఈల వేశారు. సాసేజ్ కంపెనీ మనిషి అప్పుడే తన కారు దగ్గరికి నడుస్తున్నాడు.

"నేను చెప్పలేదూ! ఏడేళ్ళ గుట్టు బయటపడింది" అన్నాడు బ్లెవిన్స్.

"ఇది నేను బిగించింది కాదు."

"దొరికాక అందరూ అనే మాటే అది."

"అందుకే నాలుగు మైళ్ళు నా వెంట రా. నావి మూడు ఇంజన్లు షెడ్డులో ఉన్నాయి. రెండిటితో గెలిచాం, మూడోది ఇవాళ్టి కోసం చేసింది. మూడూ విప్పుతా, ఓడెల్ గారు నీ ఎదుటే కొలుస్తారు. ఇంకా పొద్దుంది."

ఓడెల్ ఇబ్బందిగా దగ్గాడు. "అలాంటి రూలేం లేదమ్మా."

"నేను లోపలికి రాకూడదన్న రూలు మాత్రం ఉంది కదా? వచ్చాను. ఆకాశం ఊడిపడిందా?"

పెద్దాయన ఒకసారి ఆకాశం వైపు చూశాడు కూడా. ఆ తర్వాత టోపీ అందుకున్నాడు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా హస్కిన్స్ వాళ్ళ పెరట్లోనే ఉంది. వెర్లీన్ మొదటిది విప్పింది. మూడు వందల యాభై ఏడు. రెండోది, యాభై ఏడున్నర. మూడోది విప్పబోయే ముందు గోనెపట్టా లాగేసి, స్టాండు మీదే దాన్ని స్టార్టు చేసింది. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, పాట అందుకుంది. పెరట్లో గుసగుసలు ఆగిపోయాయి. అది చల్లారాక విప్పి కొలిస్తే మూడు వందల యాభై ఎనిమిదికి వెంట్రుకవాసి తక్కువ.

బ్లెవిన్స్ టోపీ చేతిలోకి వచ్చింది. వాడు మాట్లాడింది వెర్లీన్‌తో కాదు, డోయల్‌తో. "ఇది పెట్టుకుని వచ్చుంటే నాకు గోల పెట్టే అవకాశం కూడా ఉండేది కాదు గదరా వెధవా."

డోయల్ బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "అందరూ అదే అంటుంటే... నాకూ అనిపించిందక్కా. నీ వల్ల కాదేమో అని."

"ఊరు నమ్మకపోతే నాకు కోపం వచ్చిందిరా, అంతే. నువ్వు నమ్మకపోతే..."

ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చింది, పానా మాత్రం వదల్లేదు. తర్వాత మోచేత్తో మొహం తుడుచుకుంది.

ఓడెల్ కారు మూత మీద కాగితం పరిచి, పెన్సిలు మొన నాలికతో తడి చేసుకుని రాశాడు. రాసింది పైకి చదివాడు. డోయల్ హస్కిన్స్, ఆ ఐదుగురు మగవాళ్ళు, ఆరు పేర్లు. జట్టు రద్దు. ఏడాదిపాటు మైదానంలో అడుగు పెట్టరాదు. ఏడేళ్ళ జట్టు అర పేజీలో ముగిసిపోయింది. ఐదుగురిలో ఇద్దరు, చదవడం అయ్యేలోపే, ఫ్యాక్టరీలో మళ్ళీ తీసుకుంటారా అని మాట్లాడుకుంటున్నారు.

"ఒక పేరు తక్కువైంది" అంది వెర్లీన్.

"ఎవరిది?"

"నాది. వెర్లీన్ హస్కిన్స్. ఇంజన్లు."

ఓడెల్ తెల్లబోయాడు. "నీ తప్పేం లేదు గదమ్మా! ఇప్పుడే గదా కొలిచాను!"

"తప్పు నాది కాదని పక్కన అది కూడా రాయండి. జట్టుకి శిక్ష అన్నారు. జట్టులో నేను లేనా? ముప్ఫై ఒక్కసార్లు గెలిచినప్పుడు రాయలేదు. ఇప్పుడైనా రాయండి."

"ఆడవాళ్ళ పేరు పట్టీలో రాయడానికి..."

"ఇంజను విప్పింది జట్టు మనిషేనా కాదా? కాకపోతే మీ కొలత చెల్లదు."

ఓడెల్ బ్లెవిన్స్ వైపు చూశాడు. బ్లెవిన్స్ భుజాలెగరేశాడు. పెన్సిలు మళ్ళీ తడిసింది. ఏడో పేరు కాగితం మీద పడింది. వెర్లీన్ వంగి దగ్గరగా చూసింది, అక్షరం అక్షరం.

"ఇంకో మాట ఓడెల్ గారూ. ఏడాది నిషేధం అంటే ఏడాదే కదా? అది తీరిన మర్నాడు, ఈ కాగితం మీదున్న వాళ్ళందర్నీ గేటు లోపలికి రానివ్వాలి కదా?"

ఓడెల్ కాగితం మీది ఏడో పేరు వైపు మళ్ళీ చూశాడు. వెనక హార్మన్ కిసుక్కున నవ్వాడు.

"రానివ్వాలి" అన్నాడు పెద్దాయన చివరికి.

"అయితే కింద తేదీ కూడా వెయ్యండి. తర్వాత మర్చిపోయామంటారు."