నవ్య మింగని సున్నా

ప్రాక్టికల్ పరీక్ష రోజు కూడా శోభారాణి మేడమే వచ్చి ల్యాబు తాళం తీసింది. సుబేదారిలోని ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో మూడేళ్లుగా వస్తువులు నిదానంగా పడుతున్నాయి. అటెండర్ ఉప్పలయ్య చేతిలోంచి చాయ్ గ్లాసు జారితే, మూతి తుడుచుకుని మరీ పట్టుకుంటాడు. ఎవరికీ ఫికర్ లేదు.

కానీ వినండమ్మా, రాతల్లో మాత్రం గురుత్వ త్వరణం, సెంటీమీటర్ల లెక్కలో, 980 తప్పదు! ముందు జవాబు రాసి, వెనక్కి లెక్కగట్టి రీడింగులు పుట్టిస్తారు. ఆ విద్య నేర్పింది శోభారాణే. ఆ రోజు ముప్పై పేపర్లు తీసుకుంటుంటే ఎంగిలి విస్తళ్లు ఎత్తుతున్నట్టు అనిపించిందామెకు. ఇరవై తొమ్మిదింటిలో 980. లోలకాలు కదిలితే ఒట్టు!

ముప్పయ్యోది నవ్యది. 98.

పరకాల నుంచి పరీక్ష పెట్టడానికొచ్చిన వెంకటేశ్వర్లు సారు పకపకా నవ్వాడు. "ఏం బిడ్డా, సున్నా మింగినవా?"

"మింగలే సార్. ఊపితే అంతనే వచ్చింది."

"దిద్దుతవా, ఫెయిల్ చెయ్యమంటవా?"

నవ్య పెన్ను తియ్యలేదు. ఏడాది పోతుందని తెలిసీ తియ్యలేదు. తన మీద తనకే రోత పుట్టి శోభారాణి నోరు తెరిచింది.

"సూత్రం నిలబడ్డది సార్. దారం నాలుగు పొడవులు మార్చింది, గ్రాఫు చూడండి, గీత ఎక్కడా వంకరపోలే. మారింది అంకె ఒక్కటే."

"పుస్తకంల 980 ఉన్నది గద మేడమ్!"

"పుస్తకం రాసినాయన ఈ గదిలకు రాలే సార్."

సారు విసురుగా వెనక్కి వాలాడు. స్టూలు బోల్తా కొట్టింది. తల వెనకే రాతిబల్ల అంచు. దేవుడి దయ, సారు మెల్లగా, పరుపు మీదికి ఒరిగినట్టు పడుతున్నాడు. ఉప్పలయ్య నాలుగడుగులు నడిచొచ్చి తల కింద అరచెయ్యి పెట్టాడు.

లేచి, చొక్కా దులుపుకుని, సారు ఏమన్నాడనుకున్నారు?

"సరే బిడ్డా, జర 980 వేసుకో. పాస్ చేస్త."

నవ్య నెమ్మదిగా అంది, "980 అయితే మీరిప్పుడు దవాఖానల ఉంటుండె సార్."

సారు వెనక్కి తిరిగి బల్ల అంచు తడిమి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. అప్పుడు 98 పక్కన టిక్కు పెట్టి, ముప్పైకి ముప్పై వేశాడు.

శోభారాణి మిగతా పేపర్లన్నీ పిల్లల ముందు పడేసింది. అవి తాపీగా బల్ల మీద వాలాయి.

"లేవండి. మళ్లీ ఊపండి. ఈసారి నేను గూడ ఊపుత."