నాలుగో ట్యాంకు

"దిగు బావా. నిచ్చెన వేసే ఉంది."

నాలుగో ట్యాంకు మూత పక్కన నిలబడి అందామె. ఆ డిస్టిలరీకి మేనేజర్ ఆమె అక్క మొగుడే. అతను నవ్వాడు. విచారణ అధికారి నవ్వలేదు.

అక్కడ చక్కెర మిల్లు నుంచి వచ్చే మొలాసిస్ అనే చెరకు మడ్డిని ఈస్ట్ వేసి పులియబెట్టి, పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీస్తారు. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ గాలికంటే బరువు. ట్యాంకు ఖాళీ చేసినా అడుగున నీళ్లలా నిలిచిపోతుంది, కంటికి కనిపించదు, పీల్చినవాడు బతకడు. అందుకే మనిషి దిగేముందు తాడుకు గ్యాస్ మీటరు కట్టి లోపలికి వదలాలి. అది కుయ్‌మంటే ఫ్యాను పెట్టి గాలి తోలాలి. దానికి సగం పూట పోతుంది.

పోయిన నెల ఆమె తమ్ముడు ఇదే ట్యాంకు కడగడానికి దిగి, శవమై పైకొచ్చాడు. 'తాగి పడ్డాడు, నోరంతా సారా కంపు. మూత తీసి అరగంటైంది, లోపల గాలి శుభ్రంగానే ఉంది' అని మేనేజర్ వాంగ్మూలమిచ్చాడు. పులిసిన మడ్డిలో బోర్లా పడ్డవాడి నోరు మల్లెపూల వాసన కొడుతుందా?

ఆమె ఏడుపు ఆ రోజుతోనే ఆగిపోయింది. పులియబెట్టే విభాగానికి ఇన్‌చార్జి ఆమే. అధికారి వస్తున్నాడని తెలియగానే ట్యాంకును అచ్చం ఆ రోజులాగే ఖాళీ చేయించింది. ఫ్యాను పెట్టనివ్వలేదు. మీటరును కోటు జేబులో దాచింది.

"ఏంటి మరదలా, సార్ ముందు వేళాకోళమా?"

"వేళాకోళమెందుకు? మూత తీసి అరగంటైతే గాలి శుభ్రమని నువ్వే చెప్పావుగా. అరగంట దాటింది."

"బట్టలు పాడైపోతాయి."

"నేనే ఉతికి పెడతాలే. అక్కకు శ్రమ లేకుండా."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "మీరన్నదే నిజమైతే భయమేముందండీ?"

మేనేజర్ నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. కింద చీకటి. రెండో కాలు కదల్లేదు.

"మతి పోయిందా నీకు? మీటరు వదలకుండా ఎవడైనా దిగుతాడా? చస్తాను!"

"మావాణ్ణి దింపావుగా."

"ఆ రోజు టైం లేదు! సాయంత్రానికల్లా ట్యాంకు నింపాలని..."

నాలుక కరుచుకున్నాడు. అధికారి అప్పటికే రాసుకుంటున్నాడు.

ఆమె మీటరు తీసి తాడుకు కట్టి లోపలికి వదిలింది. అడుగుకు చేరకముందే అది కుయ్‌మని కేక పెట్టింది.

ఆమె తాడు పైకి లాగలేదు. బావ రెండు చెవులూ మూసుకున్నాక కూడా అలాగే పట్టుకుని నిలబడింది.