నూనె అడగని బేరింగు

బాగేపల్లిలో బోరు మోటారు కాలిపోతే రైతులు మొదట దేవుణ్ణి తలుచుకుంటారు, తరువాత మునినారాయణను. ముప్పై ఏళ్లుగా మోటార్లకు తీగ చుడుతున్న మనిషి. బేరింగు చప్పుడు వింటే చాలు, అది ఇంకెన్నాళ్లు బతుకుతుందో చెప్పేస్తాడు. అలాంటివాడి అంగట్లోనే, కూతురు ప్రతిమ బల్ల మీది చిన్న మిషను ఏడాదిలో మూడోసారి గరగరమంటోంది.

అది త్రీడీ ప్రింటరు. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి పొర మీద పొర పోసి వస్తువు తయారు చేస్తుంది. చింతామణి వైపు పట్టు తీసేవాళ్లకు దారం జారే చిన్న కొక్కేలు కావాలి. ప్రతిమ వాటిని దీని మీదే చేసి ఇస్తుంది. ప్లాస్టిక్ పోసే ముక్కు రెండు నున్నటి ఉక్కు కడ్డీల మీద అటూ ఇటూ జారుతుంది. అది జారేది కడ్డీలకు తొడిగిన బేరింగుల వల్ల. ఆ బేరింగులే పోతున్నాయి.

పోతే మార్చవచ్చులే అని మునినారాయణ ఊరుకునేవాడే. కానీ ఆ వారం భార్య సుబ్బలక్ష్మమ్మ అన్నం వడ్డిస్తూ ఒక మాట చెప్పింది.

"ప్రతిమ స్నేహితురాలు సహన లేదా, చిక్కబళ్ళాపురంలో రూము తీసుకుండాదంట. మిషను ఎత్తుకోని నువ్వూ రా, కలిసి చేద్దాం అని మన పాపను పిలుస్తాండాది."

"పాప ఏమనింది?"

"నన్నడిగితే? నోరుండాది కదా, నువ్వే అడుగు."

మునినారాయణ ముద్ద కలపడం ఆపాడు. తండ్రి ఊరికంతా మెకానిక్కు, కూతురి మిషనేమో గరగర. ఇక ఆ పిల్ల పోక ఏం చేస్తుంది? నిజానికి కూతురిని అడిగితే సరిపోయేది. కానీ అడిగితే ఆమె జవాబు చెబుతుంది కదా. ఆ జవాబు వినడం కంటే బేరింగు మార్చడమే తేలికనిపించింది. గరగర ఆగితే మిషను ఇక్కడే ఉంటుంది, మిషను ఉంటే పిల్ల ఉంటుంది.

మరుసటి ఉదయం కడ్డీలు విప్పి, పాత బేరింగులతో సహా పంచెలో చుట్టి చింతామణి బస్సెక్కాడు. పక్క సీటాయన తొంగి చూసి, "ఏమప్పా, పిల్లనగ్రోవులా?" అన్నాడు.

"అవునప్పా. ఊదితే మా పాప ఇంట్లో నిలుస్తాది" అన్నాడు మునినారాయణ.

బేరింగుల అంగడి పురుషోత్తం పాతవాటిని కిరసనాయిలు పోసిన సాసరులో వేసి ఆడించాడు. కిరసనాయిలు ఎర్రబడింది.

"ఇదేందప్పా! దీంతో మడి గానీ దున్నినారా?"

"అంగట్లో దుమ్ము."

పురుషోత్తం అడుగున మిగిలిన మడ్డిని వేలితో తీసి నలిపాడు. "దుమ్మేనప్పా. కొంచెం విభూతి, కొంచెం కుంకుమ. దేవుడి దుమ్ము."

మునినారాయణకు తన పూజ గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం తెల్లారకముందే అంగడి తెరిచి, తీగ చుట్టే మిషనుకూ, డ్రిల్లుకూ, ఆఖరికి స్పానర్ల డబ్బాకూ విభూతి పూసి బొట్టు పెడతాడు. కూతురి మిషనును ఎలా వదులుతాడు? దానికి ఇంకాస్త ఎక్కువే. మూడు రేఖలు దిద్దడానికి ఆ నున్నటి కడ్డీల కంటే మంచి చోటు అంగట్లో లేదు. మిషను చల్లగా ఉండాలని ఆయన పూసిన బూడిదే దాని గొంతులో పడింది.

"రెండు రకాలుండాయి" అన్నాడు పురుషోత్తం. "లోపల ఉక్కు గోలీలు తిరిగేటివి ఒకటి. గట్టివే, కానీ బూడిద పడితే గోలీ ఇరుక్కుంటాది, ఇరుక్కున్న గోలీ కడ్డీని గీరుతాది. ఇంకోటి ఒట్టి ప్లాస్టిక్. గోలీల్లేవు, నూనె అడగదు, దుమ్ముకు జంకదు. అయితే బిగిస్తే కదలదు, వదిలితే ఊగుతాది. కడ్డీ మీద గోరు పెట్టి చూడు, గీతలు తగుల్తాండాయా?"

"లేదు. కంటికి కనపడతాండాయి గానీ గోరుకు తగల్లేదు."

"అయితే ప్లాస్టిక్‌కు ఈ కడ్డీలే చాలు. ఉక్కువే కావాలంటే కడ్డీలూ మార్చు, శుక్రవారమూ మార్చు."

కడ్డీలు మార్చగలడు. ముప్పై ఏళ్ల శుక్రవారాన్ని ఈ వయసులో ఎలా మారుస్తాడు? ప్లాస్టిక్‌వి ఒక్కొక్కటే కడ్డీకి తొడిగి, కడ్డీని ఏటవాలుగా పట్టి చూశాడు. ఒకటి బిగుసుకుంది. ఒకటి దబ్బున జారింది. ఇంకొకటి తాంబూలానికి వచ్చిన ముత్తైదువలా నింపాదిగా దిగింది. అలా దిగినవే ఏరి తెచ్చుకున్నాడు. తప్పు ఒప్పుకునే పని కూడా తప్పిందని బస్సులో హాయిగా నిద్రపోయాడు.

సాయంత్రానికి బిగించేశాడు. బేరింగులను నొక్కిపెట్టకుండా, పట్టీ మరలు అరచుట్టు వదులు చేసి మరీ. మిషను నడిచింది. ఎంత మెత్తగా నడిచిందంటే సుబ్బలక్ష్మమ్మ వెనక గదిలోంచి వచ్చి, "కరెంటు పోయిందా?" అంది.

మూడో రోజుకు కొక్కేలన్నీ తయారైపోయాయి. ప్రతిమ వాటిని డబ్బాలో పోస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నాయినా, ఆదివారం సహన టెంపో తెస్తాది. మిషను చిక్కబళ్ళాపురానికి తీసుకోని పోతా."

"ఇప్పుడేం తక్కువైందమ్మా? బాగయింది కదా!"

"బాగయింది గాబట్టే. ఏడాదిగా పిలుస్తానే ఉండాది. మా నాయిన లేకుంటే ఇది నడవదు అని తప్పించుకుంటా ఉన్న్యా. మొన్న ఫోన్లో వినేసింది, చప్పుడే లేదే అనింది. ఇంకేం చెప్పేది?"

మునినారాయణ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఉన్నమాట చెబితేనన్నా నిలుస్తుందేమోనన్న ఆశతో, "అసలు అది చెడింది నా వల్లనే పాపా. శుక్రవారం విభూతి..." అన్నాడు.

"తెలుసు. వారం వారం తుడిచేది నేనే కదా."

"తెలిసీ చెప్పలేదా?"

"చెప్తే నువ్వు మానేస్తావు. మానేస్తే అది బాగుపడతాది. బాగుపడితే పోవాల." ప్రతిమ డబ్బా మూత రెండుసార్లు తెరిచి మూసింది. "పని ఆడనే ఉండాది నాయినా. నాకే ధైర్యం చాల్లేదు."

ముప్పై ఏళ్లలో ఇంత బాగా ఏ మిషనునూ బాగుచేయలేదు మునినారాయణ. ఆ చప్పుడు లేని మిషను ముక్కును లాగే నల్లటి బెల్టును వేలితో మీటాడు.

"ఇది ఎన్నాళ్లు వస్తాది?"

"రెండేండ్లు వస్తాది."

"రెండేండ్లా!" అని కాసేపు లెక్క వేసుకున్నాడు. "దీన్ని గూడా మార్చి పంపిస్తాలే. పురుషోత్తం దగ్గర ఇంతకంటే నాసిరకంవి ఉంటాయి."

ప్రతిమ నవ్వబోయి ముఖం పక్కకు తిప్పుకుంది.

"తొందరగా తెగేటివే చూసి తీసుకురా నాయినా" అంది.