ఆగయ్య నాలుగు లైన్లు

అరవై రెండు వ్యాసాలు. ఒక్కొక్కటి ఆరువందల మాటలు. అన్నీ మోటార్ల మీదే. బోరు మోటార్ ఎందుకు కాలుతుంది, ఎండాకాలంలో మోటార్‌ను ఎలా చూసుకోవాలి, మంచి వైండింగ్‌ను గుర్తుపట్టడం ఎలా... ఉస్మానియాలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన గౌతమి అనే నేను, జన్మలో ఒక్క మోటారైనా విప్పి చూడకుండా ఇంగ్లీషులో ఇవన్నీ రాసి పారేశాను. నాచారంలో ఒక టిఫిన్ సెంటర్ పైన మా ఆఫీసు. ఐదు కంప్యూటర్లు, ఒక కూలర్, కింది నుంచి పొద్దంతా దోసెల వాసన. జనం గూగుల్‌లో వెతికినప్పుడు మా కస్టమర్ల వెబ్‌సైట్లు పైన కనపడేట్టు చేయడం మా పని.

ఉప్పల్ డిపో దగ్గర మోటార్ వైండింగ్ షాపున్న ధర్మేందర్ మా పెద్ద కస్టమర్. ఏడాది రాసినా అతని సైటు ఏడో స్థానం దాటి పైకి రాలేదు. ఈలోగా గూగుల్ వాళ్లు పాండా అని పేరు పెట్టి ఏదో మార్పు తెచ్చారు. పస లేని రాతలను అది కిందికి తోసేస్తుందట. మమ్మల్ని పదకొండుకు తోసింది. రెండో పేజీ అన్నమాట. రెండో పేజీ దాకా ఎవడొస్తాడు, పనీ పాటా లేనివాడు తప్ప!

మొదటి స్థానంలో ఎవరో తెలుసా? నాచారం ఆగయ్య. ఆయన సైటంతా కలిపి ఒకే పేజీ. అందులో నాలుగు లైన్లు. ఆగయ్య మోటార్ వైండింగ్. మల్లాపూర్ రోడ్, నాచారం. పొద్దున ఇస్తే సాయంత్రానికి రెడీ. ఆదివారం సెలవు. కింద ఫోన్ నెంబరు. ఒక బొమ్మ లేదు, రంగు లేదు. పస లేని రాత అంటే అది కదా? దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

2012 మే నెలలో ఒకరోజు మా బాసు దయాకర్ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ధర్మేందర్ సేటు ఫోన్ జేసిండు. పది దినాల్ల పైకి రాకుంటే బంద్ అంటుండు. ఆయన పోతే నీ సీటు గూడ పోతది గౌతమీ. నేనేం జేయలేను."

"ఇంకెన్ని రాయాలె సర్?"

"రాసుడు కాదు. గా ముసలాయన నాలుగు లైన్లతోని ఎట్ల నిలబడ్డడో కనుక్కో. పో."

ఈ సీటు పోతే నాకు మిగిలేది రామంతాపూర్‌లో నేను వదిలేసి వచ్చిన బడి. అరవై మంది ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఎనిమిదేళ్లు అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయి. ఇంకా అరిస్తే మాట పడిపోతుందని డాక్టర్ చెప్పాడు. మాట్లాడకుండా బతికే పని కదా అని ఇక్కడ చేరాను. అందుకే ఈ కుర్చీ పోతుందంటే నాకు అంత భయం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా రిపోర్టుల్లో ఎవరు ఎంతసేపు చదివారో తెలుస్తుంది. నా వ్యాసాలు తెరిచినవాళ్లు సగటున నాలుగు సెకన్లు ఉండేవారు. ఒక్కరు మాత్రం ప్రతి ఆదివారం ఇరవై నిమిషాలు ఉండేవారు. "అది నువ్వే," అని దయాకర్ నవ్వేవాడు. ఆదివారం నేను బట్టలు ఉతుక్కుంటానా, నా రాతలు నేనే చదువుకుంటానా! ఎవరో మహానుభావుడు చదువుతున్నాడు, ఆయన కోసమే రాస్తున్నాను అనుకునేదాన్ని. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఇరవై నిమిషాల మీదే ఏడాది నెట్టుకొచ్చాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో మల్లాపూర్ రోడ్డుకు నడిచాను. కరెంటు లేదు. ఆగయ్య షట్టర్ కింద పీట మీద కూర్చుని రాగి తీగ చుడుతున్నాడు. అరవై దాటిన మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. గోడ పక్కన బాగుచేసిన మోటార్లు వరసగా ఉన్నాయి. ప్రతిదాని మీదా పసుపు పెయింటుతో తారీకు, దాని కింద ఆ నాలుగు లైన్ల సైటు పేరు.

"గిదెందుకు రాసిన్రు కాకా?" అని అడిగాను.

"తారీకు రాస్తే మళ్ల కాలినప్పుడు మనకే తెలుస్తది గద, ఎన్ని దినాలు నడిసిందో. ఆర్నెల్లల్ల కాలితే ఉత్తగనే జేసిస్త. మొదట్ల ఫోన్ నెంబరు రాసేటోణ్ణి. గది మాటిమాటికి మారవట్టె. మా బిడ్డ కల్పన డిగ్రీల ఉన్నప్పుడు గీ పేజీ జేసింది. బాపూ, గిది మారది, గిదే రాయి అన్నది. ఏడేండ్ల సంది గిదే రాస్తున్న."

ఏడేళ్లు. రోజుకు మూడు మోటార్లు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. చెంగిచెర్ల నుంచి చర్లపల్లి దాకా ఎక్కడ మోటార్ కాలినా, దాని మీద ఈ పేరే ఉంది. జనం దాన్ని చూసి వెతుకుతారు, ఫోన్ చేస్తారు. మళ్లీ ఇంకొకరి కోసం వెతకరు. కాలనీల వాళ్లు తమ సైట్లలో అంబులెన్సు, కరెంటాఫీసు నెంబర్ల కింద ఈయన పేజీ లింకును ఊరికే పెట్టుకున్నారు. గూగుల్ చూసేది ఇదే.

నేనెవరో దాచలేకపోయాను. ధర్మేందర్ సైటుకు రాసేది నేనేనని చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన తీగ వదిలేసి నా మొహంలోకి చూశాడు.

"నువ్వేనా బిడ్డా! ప్రతి ఐతారం మా కల్పన సదివి తెలుగుల జెప్తది. నలబై ఏండ్ల సంది గీ పని జేస్తున్న. మోటార్ గురించి గింత రాసేటోళ్లు ఉంటరనుకోలె."

నా మహానుభావుడు ఈయనా!

"గానీ నీళ్లు తగ్గితే మోటార్‌ను బోరు అడుగు దాక దింపుమని రాసినవ్. అట్ల జేస్తే బురద గుంజి కాలుతది. నీ మాట ఇని ఎవలన్న దింపితే నా దగ్గరికే వస్తరు, నాకు లాభమే. అయినా తప్పు తప్పే. నెంబరిచ్చి పో, ఇంకేమన్న ఉంటే చెప్త."

మర్నాడు ధర్మేందర్ ఆఫీసుకు వచ్చాడు. అబద్ధం చెప్పొచ్చు. ఇంకో పది రాస్తే పైకొస్తుంది సేటూ అంటే ఇంకో రెండు నెలలు గడిచేవి. కానీ ఆ పసుపు అక్షరాలు చూశాక నోరు రాలేదు.

"సేటూ, మీరు మోటార్ మీద తారీకేస్తరా?"

"ఎందుకేస్త? వేస్తే గ్యారంటీ అడుగుతరు."

"వేయున్రి. సైటు పేరు గూడ రాయున్రి. నా రాతలన్ని తీసేసి నాలుగు లైన్లు పెట్టున్రి. ఏడాది పడ్తది, గానీ పైకొస్తది."

ధర్మేందర్ కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "గట్లయితే అరవై రెండు ఎందుకు రాసినవమ్మా?"

"రాయమన్నరు, రాసిన."

అతను వెళ్లాక దయాకర్ కోప్పడలేదు. అలసిపోయినట్టు కుర్చీలో వాలాడు. "నాలుగు లైన్లే గదా, అవి నేను రాస్త తియ్యి. నీవన్ని తీసేసి పో. నెలాఖరు దాక జీతమిస్త," అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. నా ఉద్యోగం అక్కర్లేదని నేనే రుజువు చేసిచ్చాను. సాయంత్రం దాకా కూర్చుని అరవై రెండూ ఒక్కొక్కటే తీసేశాను. మోటార్‌ను అడుగు దాకా దింపమన్నదాన్ని ముందు తీసేశాను. అక్కణ్నుంచే రామంతాపూర్ బడికి ఫోన్ చేశాను. జూన్ పన్నెండు నుంచి రమ్మన్నారు. మళ్లీ ఎనిమిదో తరగతే.

ఆదివారం బట్టలు ఉతుకుతుంటే ఫోన్ మోగింది. తడి చేత్తోనే ఎత్తాను.

"బిడ్డా, నేను ఆగయ్యను. కల్పన తెరిసింది, ఏం లేదంటున్నది. నీ పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న కాకా. అన్ని నేనే తీసేసిన."

"గదేంది? ఎందుకు?"

"ఎవలు సదువుతలేరని."

సబ్బు నురగ మోచేతి మీదుగా కారిపోతోంది, తుడుచుకోబుద్ధి కాలేదు.

"మేం సదువుతున్నం గద బిడ్డా," అన్నాడు ఆగయ్య.