అయిదుకి ఒక మార్కు

ఇరవై రెండు ఇళ్ళకి పంచిన ఫారాలు ఇరవై రెండూ తిరిగొచ్చాయి. ఇరవై ఒకటింట్లో అయిదుకి అయిదు. మిగిలిన ఒక్కదాంట్లో అయిదుకి ఒకటి. అదీ ఎర్ర సిరాతో, చుట్టూ గుండ్రంగా గీత గీసి మరీ.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికి బుధవారం సాయంత్రం. శుక్రవారం ఉదయం మీటింగు.

నేను అమెరికాలో, నెవార్క్‌లో ఒక కంపెనీలో ప్యాకేజింగ్ ఇంజినీర్ని. సబ్బులూ లిక్విడ్లూ వేరేవాళ్ళు చేస్తారు, వాటిని పట్టి ఉంచే సీసాలూ డబ్బాలూ మేం చేస్తాం. రెండేళ్ళుగా నాది ఒకటే పని. గిన్నెలు తోమే లిక్విడ్ అయిపోయినప్పుడల్లా జనం ఇంకో ప్లాస్టిక్ సీసా కొనకుండా, పల్చటి ప్యాకెట్ కొని పాత సీసాలోనే నింపుకునేలా చేయాలి. సీసాకి పట్టే ప్లాస్టిక్‌లో మూడో వంతుతో ప్యాకెట్ అయిపోతుంది. మా మేనేజర్ లిండాకి మాత్రం నమ్మకం కుదరలేదు. అది 2009, మాంద్యం రోజులు. మా ఫ్లోర్‌లో అప్పటికే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఈ ప్రాజెక్టు ఆగిపోతే తర్వాతి కుర్చీ నాదే, దాంతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే నా హెచ్-1 వీసా కూడా.

ముందు కొన్ని ఇళ్ళలో ఎనిమిది వారాలు వాడించి చూద్దామన్నారు. "నీకు తెలియనివాళ్ళయితే మంచిది" అంది లిండా. నేను బుద్ధిగా తల ఊపి, జెర్సీ సిటీలో మేముండే టవర్లోని తెలుగు ఇళ్ళన్నిటికీ పంచేశాను. తెలిసినవాళ్ళయితే శ్రద్ధగా వాడతారని నా తెలివి.

ఆ ఇరవై రెండు ఇళ్ళలో నాకు సరిగ్గా పరిచయం లేనిది ఒక్క దమయంతి గారే. మా కింది అంతస్తులో కూతురి దగ్గర ఉంటారు. మచిలీపట్నంలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారట. ప్యాకెట్ల సంచి ఆవిడ గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టి, తలుపు తీసేలోపే లిఫ్టు ఎక్కేసిన ఘనురాలిని నేను. ఒక్క మార్కు ఆవిడదే.

ఫారం పట్టుకుని దిగాను. ఏం అడగాలో మెట్ల మీదే తయారు చేసుకున్నాను. తలుపు తెరవగానే అదంతా మర్చిపోయి, "ఆంటీ, ఇది... పొరపాటున ఒకటి వేశారేమో" అన్నాను.

"పొరపాటా? ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దానమ్మా. రా లోపలికి, రాగిణి కదూ నీ పేరు? ఫారం మీద చూశాలే."

నేరుగా వంటగదిలోకి తీసుకెళ్ళారు. ఒక ప్యాకెట్ నా ముందు పెట్టి, దాని మీది బొమ్మలో చూపించినట్టే మూత తిప్పడం మొదలుపెట్టారు. ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. మూత కదల్లేదు. చీర కొంగు చుట్టి తిప్పారు, అప్పటికి కదిలింది. సీసా మీదికి వంచగానే లిక్విడ్ గుడగుడమని వచ్చి సగం సీసాలో, సగం గట్టు మీద పడింది.

ఆవిడ గుడ్డ తీసుకుని తుడుచుకుంటూ నా వంక చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ల్యాబ్‌లో ఈ మూతని నూటయాభై సార్లు తిప్పి చూశాను. తిప్పింది నా చేత్తో.

"అయితే మరి ఒకటి మాత్రం ఎందుకు వేశారు?" అన్నాను నీరసంగా.

"లోపల సరుకు మంచిది. జిడ్డు బాగా వదులుతోంది. దానికి."

"అది నేను చేయలేదండీ."

"అయితే సున్నాయే."

అని, డ్రాయరు లాగి కత్తెర తీశారు. రెండో ప్యాకెట్ మూత జోలికే వెళ్ళలేదు. అవతలి మూల చిన్నగా కత్తిరించారు, ముక్క పూర్తిగా తెగకుండా చివర కొంచెం వదిలిపెట్టి. "పాల ప్యాకెట్ ఎప్పుడూ కొయ్యలేదూ? ముక్క ఊడిందంటే సింకులో పడి పోతుంది. ఎవరు ఏరతారు?" అంటూ ఆ మూలని సీసా మూతిలోకి దూర్చి వంచారు. సన్నటి ధార. చివర్లో ప్యాకెట్‌ని రెండు వేళ్ళ మధ్య పైనుంచి కిందికి లాగారు. ఒక్క చుక్క బయట పడలేదు, లోపల మిగల్లేదు.

నేను ఆ ఖాళీ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాను. ప్యాకెట్‌కి మేం బిగించిన గట్టి ప్లాస్టిక్ మూతి, దాని మూత అలాగే ఉన్నాయి, ఎవరికీ పని లేకుండా. ప్యాకెట్‌కి పట్టే ప్లాస్టిక్‌లో సగం వాటిదే.

"మరి మిగతావాళ్ళందరూ అయిదు వేశారండీ" అన్నాను, ఇంకా ఓడిపోవడం ఇష్టం లేక.

"వాళ్ళ సింకు కింద చూశావా?"

పూజిత నా ప్రాణ స్నేహితురాలు. వరంగల్ అమ్మాయి, ఆరో అంతస్తు. నేను వెళ్ళేసరికి గిన్నెలు కడుగుతోంది. పక్కన షాపులో కొన్న కొత్త సీసా. నేనేమీ అడగకుండా వంగి సింకు కింద తలుపు తీశాను. నేనిచ్చిన ఆరు ప్యాకెట్లలో అయిదు అక్కడే ఉన్నాయి, పెళ్ళిలో పెట్టిన బట్టల్లా వరసగా, మడత నలగకుండా.

"ఒకటి ఓపెన్ చేసిన్నే" అంది పూజిత తల దించుకుని. "మొత్తం కారిపోయింది. మా ఆయన జారి పడబోయిండు. ఇగ మల్ల ముట్టలే."

"మరి ఫారంలో అయిదు?"

"నీ హెచ్-వన్ సంగతి మాకు తెల్వదా? ఒక టిక్ పెడితే మాదేం పోయింది? జగదీష్ వాళ్ళు, మీనా వాళ్ళు, అందరం అనుకునే పెట్టినం."

కోపంతో వెళ్ళినదాన్ని, ఏడుపొచ్చింది. నా వెనక ఇరవై ఒక్క ఇళ్ళ వాళ్ళు కూడబలుక్కుని నన్ను కాపాడదామనుకున్నారు. ఈ దేశంలో నాకున్న చుట్టాలు వీళ్ళే. ఆ ఫారాలు లిండా ముందు పెడితే శుక్రవారం గండం గడుస్తుంది, సంవత్సరం తిరిగేసరికి దేశంలో ప్రతి వంటింటి గట్టు మీదా నా లిక్విడ్ కారుతుంది. జనం తిట్టుకుని మళ్ళీ సీసాలే కొంటారు. ఇక పల్చటి ప్యాకెట్ మాట ఎత్తేవాళ్ళుండరు.

గురువారం ఆఫీసు నుంచి కొత్త ఫారాలు తెచ్చి, సాయంత్రమంతా ఇల్లిల్లూ తిరిగాను. ఉన్నదున్నట్టు రాయమన్నాను. ఎవరూ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "పోనీ నాలుగు వేస్తాను, ఇంతకంటే తగ్గేది లేదు" అని జగదీష్ బేరం పెట్టాడు. పూజిత అయితే పెన్ను నా వైపే తోసేసింది.

"నాతోని కాదే. నీకేమన్న అయితే?"

"అబద్ధంతో ఉంటే అంతకంటే ఎక్కువే అవుతుంది. రాయవే."

రెండు వేసింది. వేసి, ఫారం నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది.

శుక్రవారం రెండు కట్టలూ లిండా ముందు పెట్టాను. మొదటిది ఎందుకు పనికిరాదో, రెండోది ఎందుకు తెచ్చానో చెప్పాను. ఆమె రెండూ తిరగేసింది.

"వీళ్ళంతా ముందు అబద్ధం ఎందుకు రాశారు?"

"నా మీద ప్రేమతో."

"అది స్లయిడ్‌లో పెట్టలేం" అంది. నవ్వలేదు.

అప్పుడు నేను సంచిలోంచి, దమయంతి గారిని అడిగి తెచ్చుకున్న కత్తెర తీశాను. మూల కత్తిరించి, ముక్క తెగకుండా వదిలి, సీసాలో వంచాను. లిండా లేచి నిలబడి చూసింది. తర్వాత ఇంకో ప్యాకెట్ తీసుకుని, కత్తెర ఇమ్మని తనే కోసింది. చివరి చుక్కదాకా వేళ్ళతో లాగింది. "మూతి లేకుండా తయారు చెయ్యి. ఆరు వారాలు టైమిస్తున్నా" అంది చివరికి. "ఈసారి నిన్నెవరూ ప్రేమించని ఇళ్ళకి పంపు."

ఆరు వారాలూ ఊపిరి తీసుకోలేదు. మూతీ మూతా తీసేశాం. ఎక్కడ కొయ్యాలో గీత ముద్రించాం, ఆ గీత ముక్క తెగేదాకా వెళ్ళకుండా ముందే ఆగుతుంది. కొత్త ఇళ్ళ ఫారాల్లో మూడులూ నాలుగులూ, అక్కడక్కడా ఒక రెండు వచ్చాయి. అవి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాజెక్టు నిలబడింది, నా కుర్చీ కూడా.

దమయంతి గారికి ఈసారి కూడా ఒక సంచి పంపాను. కొరియర్లో. ఫారం అలాగే తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో, అయిదుకి నాలుగు. కత్తెర తిరిగివ్వాలి కదా అని ఆ సాయంత్రం దిగాను.

"ఒక మార్కు ఎక్కడ పోయిందండీ? కారిందా?"

"చుక్క కూడా కారలేదు. బంగారంలా ఉంది" అన్నారు. నా వంక కాకుండా కత్తెర వంక చూస్తూ, "అది హాజరుకి తీసేశాను. పైనే ఉంటావు, నెలన్నర అయింది మళ్ళీ కనిపించి" అన్నారు.

నేను వంటగదిలోకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ కాఫీకి పాలు పెట్టారు.