చక్రం తిరగని శుక్రవారం

"ఆ పిల్లకు గూడా ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పొయ్యి. పొద్దున్నుంచీ పని చేస్తా ఉంటాది గదా," అంది అత్త ధనమ్మ.

ధాత్రి చెయ్యి బియ్యం కడిగే నీళ్ళలోనే ఆగింది. పొద్దున్నుంచీ పని. ఆ మాట అత్త నోట ఎంత తేలిగ్గా వచ్చింది! తెల్లవారకముందే లేచి ముందు టైర్ల షాపు, తర్వాత దాని వెనకనున్న ఇల్లు చిమ్మి, ఇడ్లీలు దింపి, అత్తకు వేన్నీళ్ళు కాచి, షాపులో వాళ్ళకు టీలు అందించి, వచ్చిన ప్రతి ఫోనుకూ జవాబు చెప్పే తనను పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదు. షాపులో మొన్న మొన్న చేరిన యశశ్విని మాత్రం పని చేస్తోంది.

ఈ కాలపు కార్లలో చక్రం లోపల గాలి ఎంతుందో చెప్పే చిన్న సెన్సర్ ఒకటి ఉంటుంది. దాన్ని మారిస్తే, కొత్తది ఫలానా అని కారుకు పరిచయం చెయ్యాలి. లేకపోతే డ్రైవరు ముందు వెలిగే పసుపు దీపం ఆరదు. ఆ పరిచయాలు చేసే మెషీను మొగుడు మహేంద్ర కొనుక్కొచ్చిన రోజు ధాత్రి, "నేను నేర్చుకుంటా," అంది. ఈ తిరుత్తణిలోనే కంప్యూటర్ సైన్సులో బి.ఎస్సీ. చదివిన మనిషి. మహేంద్ర నవ్వాడు. "నువ్వు దీన్ని పట్టుకుంటే పొయ్యి కాడ ఎవరుంటారు?" ఆ తర్వాతే తిరువళ్ళూరు నుంచి డిప్లమా చదివిన యశశ్విని వచ్చింది.

ధాత్రి అసూయ ఆ పిల్ల వయసు మీదో, మొగుడి చూపు మీదో అయితే బాగుండేది. అట్లాంటిది చెల్లెలితో చెప్పుకుని ఏడవచ్చు. లోకానికి అర్థమవుతుంది. ఆమెకు మండేది వేరే. "నువ్వేమంటావమ్మా?" అని మహేంద్ర ఆ పిల్లను అడుగుతాడు. అడిగి, జవాబు చెప్పేదాకా ఆగుతాడు. సాయంత్రమైతే ఆ పిల్ల బ్యాగు భుజానికి తగిలించుకుని, రైలెక్కి ఇంటికి పోతుంది. ధాత్రికి ఇంటికి పోవడమనేదే లేదు. పోవడానికి ముందు ఇంట్లోంచి బయటికి వచ్చి ఉండాలి కదా. పోనీ ఆ పిల్ల పొగరుబోతా అంటే అదీ లేదు. తిన్న కంచం తానే కడుక్కుంటుంది. ఒకరోజు పక్కనున్న ధాత్రి కంచం కూడా కడిగి బోర్లించింది. ఆ ఇంట్లో తన కంచాన్ని ఇంకో చెయ్యి కడగడం ధాత్రి అప్పుడే చూసింది. ముందు ఆ పిల్ల మీద ముద్దొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. మంచిదాని మీద అసూయపడటం ఎంత చాకిరీ!

ఆ రోజు ఆడినెలలో శుక్రవారం, అమ్మవారి రోజు. ఆర్.కె.పేట మామిడితోటల చెంగయ్య పెద్దకారుకు నాలుగు కొత్త టైర్లు, నాలుగు కొత్త సెన్సర్లు వేశారు. కారు ఇక్కడినుంచే నేరుగా పెరియపాళయం అమ్మవారి దగ్గరికి పోవాలి. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు కూడా తెచ్చుకున్నాడు. టైర్లు బిగించేసరికి రాహుకాలం వచ్చేసింది.

ధాత్రి మజ్జిగ తీసుకుని షాపులోకి వచ్చేటప్పటికి యశశ్విని మెషీను పట్టుకుని కారు చుట్టూ తిరుగుతోంది. నాలుగు చక్రాల్లో ఒక్కటీ పలకడం లేదు. సెన్సర్ పెట్టెల మీది నంబర్లు చూసింది, సరిపోయాయి. కారు మోడల్ మళ్ళీ ఎక్కించింది. మెషీనే పాడయిందేమోనని పాత సెన్సర్ దగ్గర పెట్టి చూస్తే టక్కున పట్టింది.

"అన్నా, కొత్త సెన్సర్లు నిద్రలో ఉండాయి. చక్రం తిరిగితేనే లేస్తాయి. రోజూ బ్యాలెన్సింగ్ మెషీన్లో తిప్పుతాం గాబట్టి మనకు తెలీలేదు. ఈ పొద్దు తిప్పలేదు."

"ఎట్ల తిప్పనిస్తాను పాపా?" అన్నాడు చెంగయ్య కుర్చీలోంచి. "కొత్త చక్రం మొదట తిరగాల్సింది నిమ్మకాయ మీద. దానికి రాహుకాలం దాటాల."

"దాటినాక ఒక రౌండు కొట్టుకొస్తే దీపం ఆరిపోతాది అయ్యా."

"దీపం ఆరందే నేను నిమ్మకాయే పెట్టను! దోషం చూపించే బండిని అమ్మ ఎదుట నిలబెట్టమంటావా? మహేంద్రా, కాదంటే చెప్పు, పాత టైర్లే వేసెయ్. వేరే షాపు చూసుకుంటా."

చక్రం తిరగందే దీపం ఆరదు. దీపం ఆరందే చక్రం తిరగదు. మహేంద్ర ముఖం మాడిపోయింది. "యశశ్వినీ, ఈ పొద్దు ఇది కాకుంటే రేపట్నుంచి రావద్దులే," అన్నాడు.

ధాత్రి గుండెలో ఏదో గంతేసింది. తిరుత్తణి కొండమీది సామీ, ఆ దీపం ఆరకూడదు. ఈ పిల్ల పోతే ఆ మెషీను షాపులో ఎవరూ లేకుండా పడుంటుంది. అప్పుడు... అమ్మకైనా చెప్పుకోలేని మొక్కు అది. మొక్కేసింది.

యశశ్విని కాసేపు గోరు కొరుక్కుని, ధాత్రి దగ్గరికి వచ్చింది. "అక్కా, గాలి ఒక్కసారిగా దిగినా సెన్సర్ లేస్తాది. మీరు ఈ పుల్లతో, గాలి పట్టే వాల్వులో ఉండే పిన్ను గట్టిగా నొక్కండి, నేను మెషీను పెడతా."

ధాత్రి ముందు చక్రం దగ్గర కూర్చుంది. పుల్లతో పిన్ను నొక్కింది. నొక్కీ నొక్కనట్టు. గాలి బుస్సుమని కూడా అనలేదు. మెషీను ఖాళీగానే ఉంది. యశశ్విని పుల్ల వైపు ఒకసారి చూసింది. కళ్ళు తడయ్యాయి.

కారుకు అటువైపు చెంగయ్యతో మాట్లాడే మహేంద్ర గొంతు వినబడింది. "ఈ పిల్ల పోతే పోనీలే మామా. వేలూరు పిలగాడొకడు వస్తానన్నాడు."

"ఎందుకబ్బా, మీ ఇంటామె కంప్యూటర్ చదివిందంటివే?"

"ఆమా?" మహేంద్ర నవ్వాడు. మెషీను కొన్ననాటి నవ్వే. "ఆమెకు సాంబారు కుదిరితే చాలు మామా."

ధాత్రి చేతిలో పుల్ల కదలలేదు. ఈ పిల్ల పోతే వేలూరు వాడు. వాడు పోతే ఇంకెవడో. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తన కుర్చీలో కూర్చుందని కుళ్ళిపోయింది. ఆ కుర్చీ తనకని ఎవరూ ఎప్పుడూ వెయ్యనేలేదు. ఎవరి పని పోవాలని తను కొండమీది సామికి మొక్కింది?

బొటనవేలు నొప్పిపుట్టేలా నొక్కింది. గాలి చీల్చుకుని వచ్చింది. మెషీను మీద అంకెలు మెరిశాయి. సెన్సర్‌ను గుర్తుపట్టానన్నట్టు కారు దానంతటదే ఒకసారి హారన్ కొట్టింది. చెంగయ్య ఉలిక్కిపడి "అమ్మా తల్లీ!" అని లేచి నిలబడ్డాడు.

"పట్టింది అయ్యా! ఇంకా మూడు," అంది యశశ్విని.

రెండోది పలికింది. మూడోదీ పలికింది. నాలుగో చక్రం దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నాక ధాత్రి నేల చూస్తూ అంది: "ఇందాక కావాలనే మెల్లగా నొక్కినా. నిన్ను చూస్తే నాకు కడుపుమంట."

"తెలుసక్కా. గాలి సప్పుడే రాలేదు గదా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి? అన్నొచ్చి నొక్కుతాడా?" ఆ పిల్ల మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "మీ ఇంటి అన్నం అంటే నాకు గూడా కడుపుమంటేలే అక్కా. మా ఇంట్లో పోయి నేనే వండుకోవాల."

ధాత్రికి నవ్వు వచ్చింది. మంట పోలేదు. పోతుందని ఆమె అనుకోనూ లేదు. పుల్లను ఆ పిల్ల చేతిలో పెట్టింది. "ఇది నువ్వు నొక్కు. ఆ మెషీను ఇట్లియ్యి. రోజూ నేర్పించాల నువ్వు. అందరి ముందరే."

యశశ్విని ఒక్క క్షణం చూసి, మెషీను అందించింది. అది ధాత్రి అనుకున్నంత బరువు లేదు.

"ధాత్రీ!" అని కేక వేశాడు మహేంద్ర. "యాడుండావు? మామకు స్ట్రాంగుగా ఒక కాఫీ తీసుకురా!"

ధాత్రి తల తిప్పలేదు. మెషీనును చక్రానికి దగ్గరగా పెట్టి, ఆయనకు కూడా వినబడేంత గట్టిగా అడిగింది:

"ముందు ఏ బటన్ నొక్కాల?"