డబ్బా అడుగున పావు ముక్కలు

నన్ను ఎవరైనా మెచ్చుకుంటే ఏడాదిగా నాకు ఒళ్ళు మండుతోంది. "మిలూదా, నీ తెలివి వల్లే నీ తమ్ముడు బతికాడు" అని మా సెఫ్రూ ఊరి బజారులో పుదీనా అమ్మే ముసలమ్మ మొదలుకొని మా వియ్యపురాలి దాకా అందరూ అనేవాళ్ళే. నేను తల దించుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. వినయమూ కాదు, నా మొహమూ కాదు.

మా తమ్ముడు బుశ్తా కసాయి. బక్రీదు నాడు నమాజు కాగానే మా పేటలో ఇరవై ఇళ్ళ డాబాలు ఎక్కి దిగేవాడు. బిస్మిల్లా చెప్పి వాడు కత్తి పెట్టాడంటే పొట్టేలు కాలు కూడా విదిలించేది కాదు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన జ్వరం వాడి గుండెను పట్టుకుని వదల్లేదు. నలభై దాటాక ఫెస్ నగరంలో ఆపరేషన్ చేసి లోపల లోహపు వాల్వు పెట్టారు. చప్పుడు లేని గదిలో వాడి పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినబడుతుంది. "గడియారం మింగానే అక్కా, ఇక నమాజుకి ఆలస్యం కాను" అని నవ్వేవాడు.

ఇంటికి పంపే ముందు డాక్టరు నన్నే పిలిచి కూర్చోబెట్టాడు. వాడి పెళ్ళాం ఇట్టోకి చదువు రాదు, నాకు వచ్చు. అందుకని.

"చూడమ్మా, రక్తానికి రెండు పనులూ రావాలి. గాయమైన చోట గడ్డకట్టాలి, మిగతా చోటల్లా పారాలి. ఒంట్లో గడ్డకట్టించేవీ ఉంటాయి, వాటి వెనకాలే తిరుగుతూ కరిగించేవీ ఉంటాయి. ఎప్పుడూ వాటి మధ్య లాగుడే. ఇప్పుడు ఈ లోహాన్ని చూసి రక్తం గాయమేమో అనుకుంటుంది, దాని మీద పేరుకుంటుంది. ఆ ముక్క ఊడి తలకెక్కిందంటే మనిషి పడిపోతాడు."

"మరి మాత్ర ఏం చేస్తుంది డాక్టరుగారూ?"

"ఆకుకూరల్లో ఒక సరుకుంది. దాంతో మన కార్జం గడ్డకట్టే సామాను తయారుచేస్తుంది. ఈ మాత్ర కార్జాన్ని ఆ సరుకు వాడుకోనివ్వదు. పూర్తిగా కాదు, కొంచెమే. ఎక్కువైతే రక్తం ఆగదు, తక్కువైతే గడ్డకడుతుంది. అందుకే రోజూ పావు ముక్క, నెలనెలా పరీక్ష. అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. నీ బకూలా ఆకుకూర మానమనను, ప్రతి వారం ఒకేలా తినమను."

అన్నీ అర్థమయ్యాయి నాకు. అర్థం కాలేదని తప్పించుకునే దారి కూడా లేదు.

మా అమ్మాయి జోహ్రా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి బక్రీదుకి వియ్యాలవారు మా ఇంటికొచ్చారు. లల్లా తాము, అంటే మా వియ్యపురాలు, దంతం రంగు కుర్చీలో మహారాణిలా కూర్చుంది. బుశ్తా పొట్టేలును కోసి తోలు ఒలుస్తుండగా కత్తి జారి బొటనవేలు తెగింది. చిన్న గాటు. మామూలు మనిషికైతే నోట్లో పెట్టుకుంటే ఆగిపోయేది. వాడికి ఆగలేదు. గుడ్డ కట్టాం, తడిసింది. కాఫీ పొడి అద్దాం, కొట్టుకుపోయింది. ఇంకో గుడ్డ, ఇంకో గుడ్డ. వాడి తెల్ల జుబ్బా ముందంతా ఎర్రబడింది. పొట్టేలు ఎప్పుడో చల్లబడింది, వీడి రక్తం మాత్రం డాబా మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంది. లల్లా తాము చీరంచులా తన బట్టల అంచు పైకెత్తి పట్టుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇబ్బందిని నవ్వుతో కప్పేద్దామని నోరు విప్పాను. ఈ నోరుంది చూడండి, దీన్ని కుట్టెయ్యాలి.

"ఈ ఏడు మా ఇంట్లో రెండు పొట్టేళ్ళు వదినగారూ! ఒకటి అయిపోయింది, రెండోది ఇంకా కారుతూనే ఉంది!"

డాబాలన్నీ నవ్వాయి. పక్క డాబా మీది చెప్పులు కుట్టే హమ్మూ అయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. బుశ్తా కూడా నవ్వాడు. చెయ్యి పైకెత్తి పట్టుకుని, పాలిపోయిన మొహంతో.

ఆ మాట అక్కడితో పోలేదు. వాడు బజారులో కనబడితే చాలు, "రెండో పొట్టేలూ, బాగున్నావా?" అనేవాళ్ళు. కుర్బానీ ఇచ్చిన పొట్టేలు మీద కసాయి రక్తం పడితే అది చెల్లుతుందా చెల్లదా అని హమ్మామ్ స్నానశాలలో ఆడవాళ్ళు వాదించుకున్నారు. రెండో బక్రీదు దగ్గర పడేసరికి ఒక్కొక్కరే మొహం చాటేశారు. "ఈసారి మా అల్లుడు కోస్తానంటున్నాడు బుశ్తా, కుర్రాడి సరదా" అని ఒకరు. "మేం ఊరెళ్తున్నాం" అని ఇంకొకరు. ఇరవై ఇళ్ళలో ఆరు మిగిలాయి. వాడు ఎవరినీ ఒక్క మాట అనలేదు. నన్ను కూడా.

పండుగ ఇంకా మూడు రోజులుందనగా వాడింటికి వెళ్ళాను. ఇట్టో పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది. సూది కావాలని అరమీద చిన్న టీ డబ్బా తీశాను. అందులో వాడి మాత్రలు పెట్టుకుంటాడని మరిచిపోయాను. మూత తీస్తే అడుగున పావు ముక్కలు. ఒకటీ రెండూ కాదు, అయిదు. రోజూ పొద్దున్నే ఇట్టో చూస్తుండగా మాత్ర విరవడం, నోటి దాకా తీసుకెళ్ళడం, మళ్ళీ డబ్బాలో వెయ్యడం. పక్కనే ఉన్న పుస్తకంలో ప్రతి తారీఖు మీదా వేసుకున్నట్టు టిక్కు కూడా ఉంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో బుశ్తా.

"పండుగ దాటనీ అక్కా. మూడు రోజులే. మళ్ళీ మొదలెడతాను."

"ఒరేయ్, డాక్టరు ఏమన్నాడో..."

"మీ వియ్యాలవారు మళ్ళీ వస్తున్నారుగా. వాళ్ళ ముందు ఇంకోసారి కారమంటావా?"

ఆ మాటకి లల్లా తాము బట్టల అంచు ఎత్తి పట్టుకోవడం కళ్ళ ముందు కదిలింది. డబ్బా మూత పెట్టాను.

"నేనేం చూడలేదు పో" అన్నాను.

దేవుడు వింటుండగా ఆ మాట నేనే అన్నాను.

పండుగ నాడు వాడు రాజులా వచ్చాడు. పొట్టేలును పడుకోబెట్టి ఒక్క కోతతో పని ముగించాడు. తోలు ఒలిచేటప్పుడు, కావాలని చేశాడో నిజంగానే జారిందో, అదే బొటనవేలు మళ్ళీ తెగింది. డాబా మీద అందరూ ఊపిరి బిగబట్టారు. వాడు వేలు నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. నేను లల్లా తాముకి పోసిన టీ సగం తాగేలోపు రక్తం ఆగిపోయింది.

"చూడు అక్కా! ఆగింది!" వేలు పైకెత్తి అన్ని డాబాలకీ తిప్పి చూపించాడు. "ఏరా హమ్మూ, చూశావా? రెండో పొట్టేలు చచ్చింది, ఇక కసాయే మిగిలాడు!"

ఆడవాళ్ళు సంతోషంతో కేకలు పెట్టారు. నేనూ పెట్టాను. అందరికంటే గట్టిగా పెట్టాను. అంత తొందరగా ఆగకూడదని ఆ డాబా మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం కార్జం ముక్కలకి కొవ్వు పొర చుట్టి ఇనుప పుల్లలకి గుచ్చి నిప్పుల మీద కాల్చాం. మొదటి పుల్ల బుశ్తాకి ఇచ్చాను. వాడి చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయి పక్కకి ఒరిగాడు. నోరు ఒక పక్కకి లాగేసింది. "అ... అ..." అంటున్నాడు కానీ మాట రాలేదు. ఇట్టో గావుకేక పెట్టింది.

మా అల్లుడి కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏ ఆసుపత్రో చెప్పను, వాళ్ళ తప్పేం లేదు. ఇట్టో, నేను, మా వెంట లల్లా తాము. చిన్న వయసు డాక్టరమ్మ తల ఫోటో తీయించి బయటికొచ్చింది.

"లోపల రక్తం చిందలేదు. గడ్డ అడ్డుపడింది. కరిగించే మందుంది. కానీ ఈయన గుండె మాత్ర మీద ఉన్నాడు. దాని మీద ఇది కూడా ఇస్తే మెదడులో రక్తం కారి చనిపోతాడు. రక్తపరీక్ష చెయ్యాలి. చేసేవాడు పండుగకి ఇంటికెళ్ళాడు, పిలిచాం. అతను వచ్చేదాకా ఇవ్వలేను. నిమిషం నిమిషానికీ మెదడు పోతోంది. మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు?"

"ఈ పొద్దునే డాక్టరమ్మా!" అంది ఇట్టో గుండెలు బాదుకుంటూ. "నా కళ్ళతో చూశాను. ఒక్క రోజు కూడా తప్పడు. ఇదిగో పుస్తకం!"

డాక్టరమ్మ టిక్కులు చూసింది. తల ఊపి లోపలికి పోయింది.

ఎదురుగా గోడ గడియారం. రెండూ పది. నేను చెప్పాలి. నోరు తెరిస్తే ఇట్టో అడుగుతుంది, నీకెప్పుడు తెలుసు వదినా అని. లల్లా తాము వింటుంది. మా జోహ్రా రేపు ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి. తమ్ముడు పడిపోతుంటే చూస్తూ ఊరుకున్న మనిషి కూతురని అంటారు. పరీక్ష చేసేవాడు వచ్చేస్తాడులే, వాడే చెబుతాడు, నేను చెప్పక్కర్లేదు. అలా అనుకున్నాను. రెండూ పదిహేను. రెండూ ఇరవై. లల్లా తాము నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "ధైర్యంగా ఉండండి వదినగారూ" అంది. నేను ఏడ్చాను. ఆ ఏడుపు కూడా దొంగ ఏడుపే. రెండూ ముప్ఫైకి లేచి లోపలికి వెళ్ళాను, ఒంటరిగా.

"మాత్ర మానేసి ఎనిమిది రోజులైంది డాక్టరమ్మా. నాకు తెలుసు. పొద్దున వేలు తెగితే అర గ్లాసు టీ తాగేలోపు ఆగింది. చూడండి."

ఆమె నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. బుశ్తా బొటనవేలు పట్టుకుని గాటు మీద నొక్కింది. పొడిగా ఉంది. వెంటనే వాడి రక్తం గాజు గొట్టంలో తీసి అరచేతిలో పెట్టుకుని, వంచుతూ, చూస్తూ నిలబడింది. "ఇదేం గట్టి పరీక్ష కాదు" అని గొణుక్కుంది. కాసేపటికి రక్తం గడ్డకట్టి, గొట్టం వంచినా కదల్లేదు. పెద్ద డాక్టరుతో ఫోనులో మాట్లాడి కరిగించే సూది ఇచ్చేసింది.

సాయంత్రానికి వాడి కాలు కదిలింది. నాలుగు రోజులకి మాట వచ్చింది, ముక్కలు ముక్కలుగా. కుడి చెయ్యి రాలేదు.

"ఓ ఇరవై నిమిషాలు ముందైతే చెయ్యి కూడా దక్కేదా?" అని డాక్టరమ్మని అడిగాను.

"కచ్చితంగా చెప్పలేను. దక్కేదేమో" అంది.

బయట నేనేం చెప్పక ముందే కథ తయారైపోయింది. వేలు చూసి వాడు మాత్ర మానేశాడని నేనే కనిపెట్టానట, పరిగెత్తుకెళ్ళి డాక్టరుకి చెప్పానట. ఇట్టో నా చేతులు కళ్ళకద్దుకుంది. "నా కళ్ళు నన్ను మోసం చేశాయి వదినా. ఇక ఆ డబ్బా నీ దగ్గరే ఉంచు, మాత్ర నువ్వే ఇవ్వు" అంది. ఏడాది పాటు రోజూ పొద్దున్నే వెళ్ళి మాత్ర పావు చేసి వాడి నాలుక మీద పెట్టి, మింగేదాకా నిలబడ్డాను. వాడు ప్రతి రోజూ నా కళ్ళలోకి చూసేవాడు. వాడికి తెలుసు కదా. ఒక్కనాడూ ఎవరితోనూ అనలేదు.

మొన్న మళ్ళీ బక్రీదు. పక్క వీధి నుంచి వేరే కసాయి వచ్చాడు. బుశ్తా గోడవార పీట మీద కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళో పెట్టుకుని, ఆ కత్తి ఆడే తీరు చూస్తూ పెదవి కొరుకుతున్నాడు. నిప్పుల మీద కార్జం కాలుతోంది. లల్లా తాము తన చెల్లెళ్ళని కూడా తీసుకొచ్చింది.

"చెప్పండి వదినగారూ, వీళ్ళు వినలేదు. ఆ వేలు చూసి ఎలా కనిపెట్టారో చెప్పండి" అంది గొప్పగా.

బుశ్తా తల తిప్పి నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఆ రోజు కూడా అబద్ధమే చెప్పేదాన్ని.

"కనిపెట్టలేదు" అన్నాను. "నాకు మూడు రోజుల ముందే తెలుసు. డబ్బాలో పావు ముక్కలు చూశాను. మీ ముందు మళ్ళీ రక్తం కారితే నా పరువు పోతుందని మూత పెట్టేశాను. ఆసుపత్రిలో కూడా ఇరవై నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను, మీరు నా వీపు నిమురుతుంటే. వాడి చెయ్యి తీసుకుంది నేనే. రెండో పొట్టేలని పేరు పెట్టిందీ నేనే."

కసాయి కత్తి ఆపాడు. లల్లా తాము తన బట్టల అంచు సర్దుకుంది.

ఇట్టో నిప్పుల దగ్గర్నుంచి లేచింది. చేతులు తుడుచుకుంది. నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"డబ్బా ఇటివ్వండి" అంది. వదినా అనలేదు. ఇరవయ్యేళ్ళుగా నన్ను నువ్వు అనే మనిషి.

జేబులోంచి తీసి ఇచ్చాను. మూత తీసి అడుగు దాకా చూసుకుని తన దగ్గర పెట్టుకుంది.

అప్పుడు బుశ్తా నోరు విప్పాడు. ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాడు.

"ఇట్టో... అక్కకి... మొదటి పుల్ల... పెట్టు."

ఇట్టో మొహం చూడకుండానే పుల్ల తెచ్చి నా చేతిలో పెట్టింది. వాడు చూస్తుండగా ముక్క ముక్కా నమిలి, ఆ పుల్ల ఖాళీ అయ్యేదాకా తిన్నాను.